ఫోముతో బారపాసారస్ వేషం: ఇద్దరు పిల్లలు లోపల ఉండి నడిచేలా కట్టడం ఎలా?

గోదారిగట్టు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడవ తరగతి చదువుతోంది. జనవరిలో వాళ్ళ బడిలో గ్యాదరింగ్ (వార్షికోత్సవం) ఉంది. మా తాలూకా నేలలో దొరికిన శిలాజాల గురించి ఆ తరగతి పిల్లలు ఒక చిన్న ప్రదర్శన ఇవ్వబోతున్నారు. అందులో డైనోసార్ వేషం తయారుచేసే బాధ్యతను మేము తీసుకున్నాము. అద్దెకు దొరికే వేషాలన్నీ రెండు కాళ్ళ మీద నిలబడి నోరు తెరిచిన టైరనోసారస్‌వే. అది ఉత్తర అమెరికాలో తిరిగిన జంతువు, మన దేశంలో ఎన్నడూ లేదు. మా వడధం శిలాజ ఉద్యానం చుట్టుపక్కల రాళ్ళు చెప్పేది నాలుగు కాళ్ళతో నడిచిన, పొడవైన మెడ గల శాకాహారుల కథ. తాము రోజూ నడిచే నేల మీద ఒకప్పుడు నడిచిన జంతువునే పిల్లలు వేదిక మీద చూపించాలని నా కోరిక.

ఇంట్లో కుట్టుమిషను ఉంది. చేతిపని అలవాటున్న మా అన్నయ్య సాయం చేస్తానన్నాడు. ఏ రకం ఫోము తీసుకోవాలి, నాలుగు కాళ్ళ జంతువును ఎలా నిలబెట్టాలి, అంత పొడవైన మెడ వాలిపోకుండా ఏం చేయాలి అనే విషయాలు తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

శిలాజప్రియ (చంద్రపూర్)

గోదారిగట్టు గారూ, మీ నిర్ణయం చదివి మనసారా సంతోషించాను. ఫోము కత్తిరించడానికి ముందు జంతువు ఆకారం మీద స్పష్టత ఉండాలి కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను.

ప్రాణహిత, గోదావరి లోయలో కోట శిలాశ్రేణి అని పిలిచే పొరలు ఉన్నాయి. ఆ పేరు మీ వైపు ఒడ్డున ఉన్న కోట గ్రామం నుంచే వచ్చింది. ఆ పొరల్లోనే, పోచంపల్లి అనే ఊరి దగ్గర, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1958 నుంచి 1961 వరకు తవ్వకాలు జరిపి సుమారు 300 ఎముకలను వెలికితీశారు. వాటిని 1975లో బారపాసారస్ టాగోరెయ్ అనే పేరుతో ప్రకటించారు. తవ్వకాలు సాగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరు చేర్చారు. ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం ఇప్పటికీ ఆ సంస్థ మ్యూజియంలో ఉంది. జంతువు పొడవు సుమారు 14 మీటర్లు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు. కాలం జురాసిక్ యుగపు తొలి భాగం, అంటే నేటికి సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందట. మీకు ఎదుటి ఒడ్డున, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ దీనికి దగ్గరి బంధువు. సుమారు 9 మీటర్ల దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో ఉంది. వీలైతే పిల్లలను తీసుకెళ్ళి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. పుస్తకంలోని బొమ్మ కంటే అది ఎంతో ఉపయోగపడుతుంది.

వేషం కట్టేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. బారపాసారస్ తల ఎముక దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రమే దొరికాయి. అవి చెంచా ఆకారంలో, అంచున గరుకు నొక్కులతో ఉన్నాయి. కాబట్టి తలను దాని బంధువుల తలల ఆధారంగా ఊహించక తప్పదు. మెడకు తగినంత చిన్న తల, గుండ్రటి మూతి, ఆకులు దూసుకోవడానికి వీలైన పళ్ళు పెట్టండి. కోరలు వద్దు. తోకను నేల మీద ఈడ్చవద్దు, ఎందుకంటే ప్రపంచంలో దొరికిన ఇలాంటి పొడవైన మెడ డైనోసార్ల పాదముద్రల వెనుక తోక గీసిన చార చాలా అరుదుగా కనిపిస్తుంది. ముందు పాదం అర్ధచంద్రాకారంగా, బొటనవేలికి ఒక గోరుతో ఉండాలి. వెనుక పాదం అంతకంటే పెద్దది. రంగు మాత్రం పిల్లల ఇష్టం, ఆ జంతువు ఏ రంగులో ఉండేదో చెప్పే ఆధారం లేదు.

సోఫామేస్త్రి (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

నేను సోఫాలు, కుర్చీల సీట్లు చేసేవాణ్ణి కనుక ఫోము గురించి చెప్పగలను. మన బజారులో ఫోము అనే మాట కింద నాలుగు వేర్వేరు సరుకులు దొరుకుతాయి, వాటి గుణాలు ఒకటి కాదు.

మొదటిది పరుపులకు, సోఫాలకు వాడే స్పాంజి, అంటే పాలియురేథేన్ ఫోము. మెత్తగా వంగుతుంది, గాలి ఆడుతుంది, కత్తెరతో చిన్నచిన్న ముక్కలుగా తుంచుతూ కండరాల ఆకారం తేవచ్చు. శరీరానికి, మెడకు, తొడలకు ఇదే సరైనది. బరువు లెక్క సులభం: ఘనమీటరుకు 20 కిలోల సాంద్రత గల స్పాంజిని 25 మిల్లీమీటర్ల మందంలో ఒక చదరపు మీటరు తీసుకుంటే అర కిలో తూగుతుంది. సోఫా సీటుకు గట్టిది కావాలి కానీ మీ పనికి తక్కువ సాంద్రత గలదే మేలు. దుకాణదారుడు ఎక్కువ సాంద్రతదే మంచి రకమని చెబితే, ఇది కూర్చోవడానికి కాదని చెప్పండి.

రెండవది ఈవీఏ షీటు. హవాయి చెప్పుల అడుగులకు, పిల్లలు ఆడుకునే రంగురంగుల చాపలకు వాడతారు. గట్టిగా ఉంటుంది, అంచు శుభ్రంగా తెగుతుంది, వేడి చేసి వంచితే చల్లారాక ఆ ఆకారంలోనే నిలుస్తుంది. తల, పాదాలు, గోళ్ళు, పళ్ళు దీనితో చేయండి. 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం చాలు. హీట్ గన్ దొరికితే దూరం నుంచి ఊపుతూ వేడి తగలనివ్వాలి. షీటు మీద సన్నటి మెరుపు వచ్చిన వెంటనే ఉల్లిపాయల వల సంచిని పరిచి చేత్తో అదిమితే చర్మం మీది గరుకుదనం అచ్చు పడుతుంది.

మూడవది టీవీలు, ఫ్రిజ్‌ల పెట్టెల్లో వచ్చే, మెత్తగా వంగే తెల్లటి ప్యాకింగ్ ఫోము. దానికి జిగురు, రంగు రెండూ సరిగా పట్టవు. నాలుగవది థర్మాకోల్. దాని మీద రబ్బరు జిగురు రాస్తే కరిగి గుంట పడుతుంది. ఈ రెండింటినీ పక్కన పెట్టండి.

అతికించడానికి చెప్పుల పనివారు వాడే రబ్బరు జిగురు తెచ్చుకోండి. రెండు అంచులకూ పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలు పెడితే తడి అంటని దశలో రెండింటినీ కలిపి నొక్కాలి. ఒకసారి కలిస్తే విడదీయలేరు, కాబట్టి ముందే స్కెచ్ పెన్నుతో గుర్తులు వేసుకోండి. ఆ జిగురు ఆవిరి పీల్చడం మంచిది కాదు, నిప్పు అంటుకునే గుణం కూడా ఎక్కువ. ఆరుబయట, పెద్దవాళ్ళే చేయాలి. సిరొంచలో స్పాంజి దొరకకపోతే చెన్నూరు మీదుగా మంచిర్యాల వెళ్ళి పరుపుల దుకాణాల్లో అడగండి. సోఫాలు కుట్టేవారి దగ్గర మిగిలిన ముక్కలైతే తక్కువ ధరకే వస్తాయి.

కీలుగుర్రం (బరంపురం, గంజాం జిల్లా)

అయ్యా, ఫోము చర్మం మాత్రమే, లోపల ఎముకలు కావాలి. ఆ ఎముకలు వెదురువే కావాలని నా గట్టి అభిప్రాయం. మా తెలుగువారి కీలుగుర్రాల ఆటలోనూ, ఒడిశా తీరాన కైవర్తులనే మత్స్యకారులు చైత్రమాసంలో ఆడే చైతీ ఘోడా అనే గుర్రపు ఆటలోనూ ఆటగాడు తల నుంచి మోకాళ్ళ దాకా జంతువును మోయడు. వెదురు చట్రాన్ని తన ఒంటికి తగిలించుకుంటాడు, గుడ్డ దాని మీది నుంచి జారుతుంది, కాళ్ళు స్వేచ్ఛగా ఆడతాయి. మీ డైనోసార్‌కు ఇదే పద్ధతిని రెండింతలు చేయాలి. మీ జిల్లాలో వెదురుకు, దాన్ని చీల్చి అల్లే పనివారికి కొరత లేదు. చట్రం పనిని వాళ్ళ చేతికి అప్పగిస్తే ఎంతో సొగసుగా వస్తుంది.

పద్ధతి ఇది. ఇద్దరు పిల్లలకు రెండు విడివిడి చట్రాలు కట్టండి. ముందున్న పాప ఛాతీ, మెడ, తల మోస్తుంది. వెనుకనున్న పిల్లవాడు నడుము, తోక మోస్తాడు. ఇద్దరూ నిటారుగానే నిలబడాలి. వంగి నడిచే వేషం ఐదు నిమిషాల్లో నడుము విరుస్తుంది. రెండు చట్రాల మధ్య పొట్ట భాగంలో వెదురు పెట్టకుండా పలుచటి స్పాంజిని గుడ్డ మీద అతికించి, మడతలతో వదులుగా వదలండి. అప్పుడే జంతువు వేదిక మీద మలుపు తిరగగలుగుతుంది. ఒకే చట్రంగా కట్టిన వేషం పల్లకిలా తిన్నగా పోతుందే కానీ జంతువులా కదలదు.

పిల్లల ఎత్తు 140 సెంటీమీటర్లు అనుకుందాం. తల మీద పది సెంటీమీటర్ల ఖాళీ వదిలి వీపు గీత పెట్టండి. పొట్ట కింది అంచు నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అంటే పిల్లల మొండెం, తల అంతా జంతువు పొట్టలో దాగి, నాలుగు కాళ్ళు మాత్రం బయట కనిపిస్తాయి. ఈ జాతి జంతువులకు లోతైన పొట్ట, స్తంభాల వంటి కాళ్ళు ఉండేవి కనుక ఈ కొలతలు చూడటానికి సహజంగా నప్పుతాయి.

మెడ పొడవు 120 సెంటీమీటర్లకు మించవద్దు. 20 సెంటీమీటర్లకొక వెదురు చుట్టు పెట్టండి. మొదట్లో 45 సెంటీమీటర్ల వ్యాసం, తల దగ్గర 16 సెంటీమీటర్లు. చుట్లను కలుపుతూ మూడు బద్దలు పొడుగునా పోవాలి. పై బద్ద జోడుగా ఉండాలి, ఎందుకంటే వాలే బరువంతా దాని మీదే పడుతుంది. కట్లకు తీగ వాడవద్దు, తడిపిన పురికొసతో కట్టి ఆరనిస్తే బిగుసుకుంటుంది. చీల్చిన వెదురు అంచులను గాజుకాగితంతో రుద్ది, పిల్లల ఒంటికి తగిలే ప్రతి చోటా గుడ్డ చుట్టండి. బరువును పాత స్కూలు బ్యాగు పట్టీలతో భుజాల మీదికీ, వెడల్పాటి నడికట్టుతో నడుము మీదికీ పంచాలి.

పాప ముఖం మెడ మొదట్లో, గొంతు భాగానికి ఎదురుగా వస్తుంది. అక్కడ కిటికీ వదిలి నల్లటి దోమతెర బిగించండి. లోపలి నుంచి బయటికి బాగా కనిపిస్తుంది, బయటివారికి మాత్రం లోపల ఏమీ కనిపించదు.

గోదారిగట్టు (సిరొంచ)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. కీలుగుర్రం గారి పద్ధతి విన్నాక మా అన్నయ్య వెదురు కోసం బయలుదేరాడు. నాకు ఒక్క సందేహం: ముందు నిలబడే పాప మీద మెడ, తల కలిసి ఎంత బరువు పడవచ్చు? మా అమ్మాయి 35 కిలోలు ఉంటుంది.

సైన్సుమాస్టారు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

స్కూలు బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి జాతీయ విధానం చెబుతోంది. వేషానికి కూడా అదే కొలతగా పెట్టుకోండి. మీ అమ్మాయికి మొత్తం కలిపి మూడున్నర కిలోలు. అందులో మెడ, తల కలిసి 700 గ్రాములు మించకుండా చూడండి, ఎందుకంటే ఒంటికి దూరంగా ఉన్న బరువు భుజం మీద అనేక రెట్లు లాగుతుంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. స్పాంజికి నిప్పు అంటితే క్షణాల్లో మండుతుంది, కరిగి కారుతుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. మన సభలు జ్యోతి ప్రజ్వలనతో మొదలవుతాయి, పక్కనే అగరువత్తులు, కర్పూరం ఉంటాయి. దీపం వెలిగించి, దాన్ని వేదిక మీది నుంచి తీసేసిన తరువాతే వేషం వేదిక ఎక్కాలని నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి. వేడెక్కే హాలోజన్ దీపాలకు దూరంగా ఉంచండి. వేషానికి ముడులు, జిప్పులు కాక వెల్క్రో పెట్టి, పిల్లలు ఎవరి సాయం లేకుండా కిందికి కూర్చుని బయటపడటం సాధన చేయించండి. వేదిక పక్కన నీళ్ళ బకెట్లు, వేషం మీదే చూపు పెట్టిన ఒక పెద్దమనిషి ఉండి తీరాలి.

కుట్టుపని (రాయగడ)

తమ్ముడూ, ఒంటినంతా స్పాంజితో కప్పనవసరం లేదని నా అభిప్రాయం. వీపు, తొడలు, మెడ పైభాగం వరకు స్పాంజి పెట్టి, పొట్ట పక్కలకు సాగే హోజరీ గుడ్డ కుట్టండి. బరువు తగ్గుతుంది, గాలి ఆడుతుంది, మలుపు తిరిగినప్పుడు చర్మం కదిలినట్లు కనిపిస్తుంది. ముందుగా పాత వార్తాపత్రికలను చట్రం మీద అతికించి, గీతలు గీసి, విప్పి పరిస్తే నమూనా వచ్చేస్తుంది. గుండ్రటి చోట్ల ఆ కాగితాన్ని ఆకు ఆకారంలో చీల్చాలి. ఆ చీలికలే స్పాంజిలో అతికినప్పుడు ఉబ్బు తెస్తాయి.

సోఫామేస్త్రి (ధర్మాబాద్)

అక్కా, గుడ్డకూ స్పాంజికీ మధ్య అతుకు దూరానికి కూడా తెలిసిపోతుంది. అందుకే అంతా ఒకే సరుకుతో ఉండాలని నేను అనుకున్నాను.

కుట్టుపని (రాయగడ)

అతుకు మీద స్పాంజి పొట్టును జిగురుతో చల్లి, రెండింటికీ ఒకే రంగు ఒకేసారి వేయండి. ఆ గీత కనిపించదు. స్పాంజి రంగును తాగేస్తుంది కాబట్టి ఫ్యాబ్రిక్ రంగును నీళ్ళతో పలుచన చేసి ముందు ముదురు పూత వేయాలి. ఆరాక దాదాపు పొడి కుంచెతో లేత రంగును ఎత్తైన చోట్ల మాత్రం తాకించాలి. అప్పుడు ముడతలు వాటంతటవే లోతుగా కనిపిస్తాయి.

సోఫామేస్త్రి (ధర్మాబాద్)

పొట్టు చల్లే ఉపాయం బాగుంది. ఒప్పుకుంటున్నాను. మూడున్నర కిలోల హద్దు పెట్టుకున్నాక పొట్టకు గుడ్డే సరైనది.

బల్లార్షా_మిల్లుకాలనీ (బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా)

మెడ బరువే సమస్య అయితే ఐసిసారస్‌ను ఎంచుకోవచ్చు కదా? అది కూడా మన చంద్రపూర్ జిల్లాదే, డోంగర్‌గావ్ దగ్గర దొరికింది. 1997లో టైటనోసారస్ పేరుతో ప్రకటించి, 2003లో ఐసిసారస్ అని మార్చారు. దాని మెడ పొట్టి, ముందు కాళ్ళు పొడవు. వేషం కట్టడం ఎంతో తేలిక.

శిలాజప్రియ (చంద్రపూర్)

మంచి ఆలోచనే, మన జిల్లా పిల్లలు ప్రదర్శన ఇస్తే నేనూ అదే సూచిస్తాను. కానీ ఐసిసారస్ డైనోసార్ల చివరి దశకు చెందినది, బారపాసారస్‌కూ దానికీ మధ్య పదకొండు కోట్ల ఏళ్ళకు పైగా దూరం ఉంది. సిరొంచ రాళ్ళ కథలో దాన్ని నిలబెడితే రెండు వేర్వేరు కాలాలు కలగలిసిపోతాయి. వేదిక అలంకరణకు కూడా ఇదే వర్తిస్తుంది. మన జిల్లా పిస్దురాలో దొరికిన డైనోసార్ల పేడ శిలాజాల్లో గడ్డిజాతి మొక్కల ఆనవాళ్ళు ఉన్నాయని 2005లో తేలింది. బారపాసారస్ కాలంలో మాత్రం గడ్డీ లేదు, పూలమొక్కలూ లేవు. కాబట్టి వేషం చుట్టూ పచ్చిక చాపలు కాక, సైకస్ వంటి ఆకులూ ఫెర్న్‌లూ పెట్టండి. కుండీల్లో పెంచే సైకస్ మొక్కలు ఎవరి ఇంట్లోనైనా దొరుకుతాయి.

గోదారిగట్టు (సిరొంచ)

బారపాసారస్‌నే ఖాయం చేసుకున్నాము. రెండు చట్రాలు పూర్తయ్యాయి. వెదురు అల్లే పెద్దాయన చుట్లను ఎంత నేర్పుగా చేశారంటే, ముందు చట్రం ఒక చేత్తో ఎత్తగలుగుతున్నాము. వెనుక చట్రం, తోక చక్కగా కుదిరాయి. తోక నేలకు జానెడు పైనే ఊగుతోంది. ఈవీఏ తలను తగిలించాక మెడ మాత్రం నడిచేటప్పుడు కిందికి పైకి బాగా ఊగి, పాపను ముందుకు లాగుతోంది. బరువు చూస్తే 700 గ్రాముల లోపే ఉంది.

కీలుగుర్రం (బరంపురం)

బరువు సరిపోయిందంటే లోపం లాగుడు తాడు లేకపోవడమే. మెడలో తల వైపు నుంచి రెండవ చుట్టు పైభాగానికి సన్నటి నైలాన్ తాడు కట్టి, వెనక్కు తెచ్చి, చట్రంలో పాప వీపు వెనుక నడికట్టు ఎత్తున ఉన్న బద్దకు బిగించండి. తాడు భుజాల పై చట్రం మీదుగా రావాలి, పాప మెడకు ఎక్కడా తగలకూడదు. ఆ వెనుక బద్దకే ఇసుక నింపిన చిన్న సంచిని 300 గ్రాములతో మొదలుపెట్టి, మెడ సమానంగా నిలిచే వరకు కొద్దికొద్దిగా పెంచుతూ కట్టండి. ఈ ఇసుక కూడా మూడున్నర కిలోల లెక్కలోకే వస్తుంది. మెడను మరీ నిటారుగా ఎత్తవద్దు, వీపు గీతకు కొంచెం పైకి సాగినట్లు ఉంటే ఊపు తగ్గుతుంది. ఇక నడక నేర్పండి. ముందు పాప కుడికాలు వేసినప్పుడు వెనుక పిల్లవాడు ఎడమకాలు వేయాలి. వెనుకవాడికి దారి కనిపించదు కాబట్టి ఒక డప్పు దెబ్బకు ఒక అడుగు చొప్పున అలవాటు చేయండి.

గోదారిగట్టు (సిరొంచ)

తాడు కట్టాము. ఇసుక సంచి 400 గ్రాముల దగ్గర మెడ నిలిచింది, మొత్తం బరువు మూడు కిలోల దగ్గరే ఉంది. పాప ఇప్పుడు చేతులు వదిలి నడుస్తోంది. డప్పు వాయించడానికి వాళ్ళ తరగతి అబ్బాయి ఒకడు సిద్ధమయ్యాడు. దీపం సంగతి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను, ప్రారంభం అవగానే దీపపు కుందెను ఆఫీసు గదిలోకి మార్చడానికి ఒప్పుకున్నారు. రేపటి నుంచి స్పాంజి అతికించడం మొదలుపెడుతున్నాము. కుట్టుపని అక్కా, మెడ మీద స్పాంజి ముక్కల అతుకులు పైన రావాలా, కిందా?

కుట్టుపని (రాయగడ)

కింద, తమ్ముడూ. గొంతు వైపు అతుకు పెట్టి, దోమతెర కిటికీ అంచును దానిలోనే కలిపి వెల్క్రో వేయండి. అప్పుడు పాపకు ముఖానికి గాలి కావాలన్నప్పుడు తనే తెరుచుకోగలుగుతుంది.